అద్దంలా మెరిసిన గొట్టం

"గొట్టంలో సీసం కనిపించిందా, నీ వీసా ఖలాస్!" పిస్తోలు బల్ల మీద పెట్టి హిందీలో అరిచాడు ముదీర్, అంటే క్లబ్బు మేనేజరు.

ఆ అరుపు హయాత్ బాషా మీద. షార్జా అవతల ఇసుకలో ఉన్న ఆ షూటింగ్ క్లబ్బులో పిస్తోళ్ల బాధ్యత అతనిదే. ఉత్త సీసం తూటాలు మానేసి రంగుపూత వేసినవి తెప్పించమని పోరు పెట్టిందీ అతనే. పూత ఉంటే సీసం గొట్టానికి అంటుకోదని అతని వాదన. పూత పేరు చెప్పి దుకాణంవాడు టోపీ వేశాడని ముదీర్ అనుమానం.

అందుకే ఈ పరీక్ష. ఒక పిస్తోల్లో ఉత్త సీసం తూటాలు, రెండోదాంట్లో పూత తూటాలు. పొద్దుటి నుంచీ రెండూ ఢాం ఢామ్మని మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం జుహర్ నమాజు కాగానే గొట్టాలు చూడాలి. నమాజులో బాషా ఏం వేడుకున్నాడో వేరే చెప్పాలా!

తిరిగొచ్చాక ముదీర్ నోకియా ఫోను లైటు వేసి మొదటి గొట్టంలోకి చూశాడు. లోపలంతా బూడిదరంగు సీసం చారలు. పూత తూటాలు పేల్చిన రెండోదాంట్లోకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"మాషా అల్లా! అద్దంరా ఇది!"

బాషా ఎగిరి గంతేశాడు. "నేను సెప్పలేదా సార్! పూతంటే పూతే!" అంటూ పక్కనే ఉన్న లింబాద్రిని వాటేసుకున్నాడు. లింబాద్రిది ఆర్మూరు వైపు. రోజంతా ఇత్తడి బ్రష్షుతో గొట్టాల్లోని సీసం గీకడమే అతని కొలువు. కార్మికుల క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది.

"జర మెల్లగ ఒర్రు బాషా భాయ్," గుసగుసలాడాడు లింబాద్రి. "నువ్వు నమాజ్‌కు వోంగనె నీ గొట్టం నేనే తోమిన. నీ కొలువు వోతదని బుగులైంది."

"అయ్యో, యాల తోమితివి? సీసం కనబడిందా?"

"ఏమో! లోపట సూడనే లే. తోముడే తోముడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు బాషాకు. ఏదైతేనేం, కొలువు నిలిచింది. దోస్తంటే వీడే అనుకుంటే సంతోషంతో కళ్లు చెమర్చాయి.

అంతలో ముదీర్ హుషారుగా చప్పట్లు చరిచాడు.

"యల్లా! రేపటినుంచి అన్నీ పూత తూటాలే. సీసమే అంటకపోతే ఇక గీకేవాడెందుకు? లింబాద్రీ, నువ్వు ఖలాస్. సామాను సర్దుకో!"