లెక్కకెక్కని దెబ్బలు

ఆసుపత్రికి వచ్చిన ప్రతి గాయాన్నీ ట్యాబ్‌లో ఎక్కించడం, ఆనక ఇంటికెళ్లి ఎలా ఉన్నారో కనుక్కోవడం లీలారాణి ఉద్యోగం. చేపల వేటకెళ్లే గంగులు దొరికేసరికి భావనపాడు ఒడ్డున బాగా చీకటి పడిపోయింది. ఇసుకలోకి లాగిన పడవ పక్కన ఒక్కడే కూర్చున్నాడు.

"చెయ్యి ఎలా ఉంది బాబాయ్?"

"నాదేటున్నాదమ్మా, మానిపోనాది. పడవ తిరగబడినప్పుడు అసలు దెబ్బలు మా బావకీ, తమ్ముడికీ తగిలినాయి. ఆళ్లని రాయలేదేటి?"

"ఆసుపత్రికి వచ్చినవాళ్లనే రాస్తాం. వాళ్లు రాలేదుగా?"

"ఒడ్డుకే రాలేదు, ఆసుపత్రికెలాగొస్తారు?"

లీలారాణి ట్యాబ్ మీంచి తలెత్తింది. గంగులు ఆమె ముఖంకేసి చూడటం లేదు. ఆమె వెనక్కి చూస్తున్నాడు.

"మమ్మల్ని రాసినారా అని రోజూ అడుగుతన్నారు. ఇప్పుడు రాసీమ్మా. రాసినావో లేదో ఆళ్లే సూసుకుంటారు."

అంతసేపూ హోరెత్తిన సముద్రం ఒక్కసారిగా సద్దుమణిగింది. లీలారాణి కొత్త పేజీ తెరిచింది. పేరు రాయాల్సిన గడి మీద టప్పుమని ఓ నీటిబొట్టు పడింది. వెంటనే ఇంకోటి.

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

మొదటి బొట్టు ఆమె కుడి భుజం మీదుగా పడింది. రెండోది, ఎడమ భుజం మీదుగా.