పిట్ట కింద ఆకాశం

"తుపాకి తెరువు! తూటాలు తీసెయ్!"

ఆ అరుపుకి కమలాకర్ ఉలిక్కిపడ్డాడు.

అంతకు క్షణం ముందే అతని తుపాకి పేలింది. కోత అయిపోయిన మొక్కజొన్న చేలోంచి ఒక ఫెజెంట్, అంటే అడవికోడి లాంటి పిట్ట, పుంజు టపటపమంటూ లేచి, నడుమెత్తులో అడ్డంగా ఎగిరింది. కమలాకర్‌కి ఆశ ఆగలేదు. కాల్చేశాడు.

పుంజుకి ఈక కూడా రాలలేదు. తాపీగా వెళ్లి అవతలి పొదల్లో దిగింది.

అరిచింది ఎబెర్లె. వేటగాళ్ల వరుసలో నలభై గజాల అవతల నడుస్తున్న ముసలాయన. పొద్దున కాఫీ దగ్గర మొహం చూడటమే తప్ప ఆయనెవరో కమలాకర్‌కి తెలియదు.

ముసలాయన నెమ్మదిగా నడిచి వచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"పిట్ట కింద ఆకాశం కనబడేంత ఎత్తుకి ఎగిరితేనే కాల్చాలి. కనబడిందా?"

"లేదు. కానీ..."

"ఇవాళ్టికి నీ వేట అయిపోయింది. ఇంటికి వెళ్లు."

అంతే. పద్నాలుగు మంది వేటగాళ్లు చూశారు. వాళ్ల కుక్కలు కూడా చూశాయి.

కమలాకర్ కోపంగా ఇక్బాల్ వైపు తిరిగాడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఈ వేటకు తన కారులో తీసుకొచ్చింది ఇక్బాలే.

"చూసినవా భాయ్? తగలని దెబ్బకి ఇంత లొల్లా? పోదాం పా."

"నువ్వు ట్రామ్‌ల పో కమలాకర్. నాకు ఈడ పనుంది."

ఆ మాట ఇంకా మండించింది.

ఆకుపచ్చ కోటు, టోపీకి నారింజ పట్టీ, భుజాన తుపాకి సంచి. ఆ వేషంలో తాముండే కార్ల్స్‌రూహె నగరం దాకా ట్రామ్‌లో వచ్చాడు. ఎదుటి సీటులో ఉన్నావిడ లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది. ఈ వేట లైసెన్సు కోసం పద్నాలుగు నెలలు క్లాసులకి తిరిగాడు. కుందేళ్లకొచ్చే రోగాలన్నీ జర్మన్‌లో బట్టీ పట్టాడు. తీరా మొదటి వేటకే ఈ పరువు తక్కువ!

"ముసలోని అంతు చూస్త," అన్నాడు ఇంట్లో అడుగుపెడుతూనే.

"నీకేమన్న పిచ్చా?" అంది భార్య శ్రావ్య. "మన సిటిజన్‌షిప్ ఫైల్ ఆఫీసుల ఉన్నది. ఒక్క పోలీస్ కేసయితే ఏండ్లకేండ్లు ఆగిపోతదంట. ఎవరితోని పెట్టుకోకు."

కమలాకర్ ఊరుకున్నాడు. నోరు మాత్రమే ఊరుకుంది. స్నానం చేస్తున్నా, మీటింగులో కూర్చున్నా "ఇంటికి వెళ్లు" అన్న ఆ గొంతే వినిపించేది.

మూడు వారాల తర్వాత అవకాశం దానంతటదే వచ్చింది.

గురి నేర్చుకునే మైదానంలో ఎబెర్లె కనబడ్డాడు. గాల్లోకి విసిరే మట్టి బిళ్లల కోసం తుపాకి ఎత్తబోయాడు. కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. వణికింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ అంతే. చివరికి తుపాకి దించి, బల్లమీద కూలబడ్డాడు.

దూరం నుంచి చూస్తున్న కమలాకర్‌కి కడుపు నిండిపోయింది.

ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచాడు. ఆయుధాల లైసెన్సులు చూసే ఆఫీసుకి ఉత్తరం రాశాడు. ఫలానా ఎబెర్లెకి చెయ్యి వణుకుతోందనీ, అలాంటి మనిషి దగ్గర తుపాకి ఉంటే జనానికి ప్రమాదమనీ రాశాడు. అంత చక్కటి జర్మన్ పరీక్షలో కూడా రాయలేదు.

కింద సంతకం మాత్రం పెట్టలేదు.

'ఒక్కరోజు వేట ఆపావు. నీకు జన్మలో వేట లేకుండా చేస్తా' అనుకుంటూ పంపేశాడు. ఆ రోజు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఏప్రిల్‌లో జర్మన్ పాస్‌పోర్ట్ వచ్చింది. శ్రావ్య బిర్యానీ చేసింది. ఇక్బాల్‌ని భోజనానికి పిలిచారు.

ఇక్బాల్ ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్నాడు గానీ తినడం లేదు.

"ఏమైంది భాయ్?"

"ఎబెర్లె లైసెన్స్ పోయింది. ఎవడో కంప్లెయింట్ రాసిండంట. ఆఫీసోళ్లు డాక్టర్ దగ్గరికి పంపిన్రు. చెయ్యి లేవలే. నలభై ఏండ్ల సంది వేటాడుతున్న మనిషి, నిన్న తుపాకులన్నీ అప్పజెప్పి వచ్చిండు."

కమలాకర్‌కి బిర్యానీ రుచి అప్పుడు తెలిసింది.

"మంచిగయింది. చెయ్యి పనిచెయ్యనోనికి తుపాకెందుకు?"

ఇక్బాల్ తలెత్తి చూశాడు. ప్లేటు పక్కకి జరిపాడు.

"పాస్‌పోర్ట్ చేతికొచ్చింది గదా?"

"వచ్చింది. చూస్తవా?"

"వద్దు. వచ్చిందంటే ఇగ చెప్పొచ్చు. ఆ వేట రోజు నీతోని ఎందుకు రాలేదో ఎరుకేనా? ఎబెర్లెని డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. దారిల నీ ఫైల్ సంగతి నేనే చెప్పిన."

"డాక్టర్ దగ్గరికా? ఎందుకు?"

"నీ తూటాల నుంచి చెదిరిన చిన్న గుండ్లు మూడు ఆయన కుడి భుజంల దిగినయ్ యార్. కేసయితే నీకు పాస్‌పోర్ట్ రాదని, అది నీ చేతికొచ్చేదాక నీకు గూడ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."