రత్నమాణిక్యం లైను

ఆదివారం సాయంత్రానికి, ఏ రైతు ఏ రోజు చెరకు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు ప్రింటై జీపులెక్కకపోతే, సోమవారం మిల్లుకి చెరకు రాదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ప్రోగ్రాం మాత్రం ఒకే రైతు పేరుని పేజీల కొద్దీ కొడుతోంది.

నాగేశ్వరప్రసాద్ చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో నేల మీద ప్రింటవుట్ పరిచి, దాని మీద బోర్లా పడుకుని చదువుతున్నాడు. అదంతా శ్రీరామమూర్తి రాసిన ప్రోగ్రాం. ఆయన నిరుడు ఈ ఉద్యోగం మానేసి బొంబాయి వెళ్ళిపోయాడు. ఆయన రాసింది మాత్రం ఇక్కడే ఉండి, కంప్యూటర్ సెక్షన్లో ఉన్న ఇద్దరి ప్రాణాలూ తోడేస్తోంది.

రెండో మనిషి రామలక్ష్మి. రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వస్తుంది. ఏడుపొచ్చినప్పుడల్లా నవ్వే రకం.

“పాపాయి ఇంటూ జ్ఞానమ్మ అని రాశారండి ఇక్కడ. ఎవరండీ వీళ్ళు?” అంది.

పొద్దుటి నుంచీ తల బద్దలు కొట్టుకుంటే తేలిందేమిటంటే, పాపాయి అంటే ఎకరాలు, జ్ఞానమ్మ అంటే ఎకరానికి టన్నులు. ఎందుకలా పెట్టాడో ఆ మహానుభావుడికే తెలియాలి. వివరంగా ఒక్క ముక్క ఎక్కడా రాసి ఉంచలేదు. పక్క లైనుకి వెళ్ళాలంటే ఆరు పేజీలు ముందుకి పోయి వెనక్కి రావాలి. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించే బాపతు.

“ఈ పేజీ యానాం వెళ్ళి తాగొచ్చి రాసినట్టుందండి,” అంది రామలక్ష్మి.

ప్రసాద్ నవ్వాడు గానీ లోపల చచ్చిపోతున్నాడు. చెరకు సరఫరా చూసే కేన్ మేనేజరు ఇప్పటికే రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్ళాడు. వారం తిరిగేసరికి మిల్లు ఆపేస్తారు. ఈ సీజనుకి ఇవే ఆఖరి ఆర్డర్లు. వాటి కోసం ఎదురు చూస్తున్న రైతుల్లో అతని తండ్రి అమ్మిరాజు ఒకడు.

ప్రసాద్ హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చదువుతుండగా అమ్మిరాజు పొరుగూళ్ళో చెరకు తోట కౌలుకి తీసుకున్నాడు. ప్రసాద్ ఆ తోట మొహం కూడా చూడలేదు. దానికి ఎర్రకుళ్ళు తగిలిందని మాత్రం తెలుసు. ఈ వారంలో మిల్లుకి చేరిందా సరే, లేకపోతే పొయ్యిలోకే. ఆ తోట పెట్టుబడి కోసం ఇల్లు తాకట్టులో ఉంది.

అయినా తండ్రి పేరు జోలికి వెళ్ళకూడదనుకున్నాడు. ఉద్యోగంలో చేరిన రోజే చెప్పేశాడు. ఫ్యాక్టరీకి రావద్దు, నన్ను సిఫారసు అడగొద్దు అని. అమ్మిరాజు సరేనన్నాడు. ఒకసారి సరే అన్నాక మళ్ళీ ఆ ఊసెత్తే మనిషి కాదు.

మూడింటికి తీగ దొరికింది. లాగితే డొంకంతా కదిలింది. ఎక్కడో అడుగున ఒక లైను, తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే పంపుతోంది. దాన్ని సరిచేసేసరికి పేర్లు వరసగా రావడం మొదలుపెట్టాయి.

అప్పుడు రామలక్ష్మి కంటపడింది ఇంకో లైను.

రైతు రత్నమాణిక్యం అయితే నాటిన తేదీ చూడకు, ఆ ఊళ్ళో అందరికంటే ముందు వెయ్యి. ఇన్ని వేలమంది రైతుల్లో ఆవిడ ఒక్కర్తికే ఆ మర్యాద.

రామలక్ష్మి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. “పాపాయి, జ్ఞానమ్మ అయిపోయారు, ఇప్పుడు రత్నమాణిక్యం. మొత్తానికి రసికుడేనండి.”

ప్రసాద్‌కి నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరు తన తండ్రి కౌలు చేస్తున్న ఊరే. ముందు నాటినవాడికి ముందు ఆర్డరు రావాలి. తేదీ ప్రకారం అక్కడ ముందు నాటినవాడు అమ్మిరాజు. పేదవాడి తోట కుళ్ళిపోతుంటే, ఎంత ముట్టజెప్పిందో గానీ, ఈవిడకి దొడ్డిదారి.

“ఉంచెయ్యండి. ఎలాగో నడుస్తోంది కదా, కదపడం ఎందుకు?” అంది రామలక్ష్మి.

“తప్పని తెలిసీ ఉంచితే మనం రాసినట్టే కదండీ,” అని ప్రసాద్ ఆ లైను తీసేశాడు.

ఆర్డర్లు చకచకా వచ్చాయి. ఆ ఊళ్ళో మొదటి పేరు అమ్మిరాజు. రత్నమాణిక్యం వంతు మిల్లు ఆపేశాక వచ్చే తేదీకి పడటంతో ఆవిడ పేరు అసలు ప్రింటే కాలేదు. జీపులు వెళ్ళిపోయాయి. ప్రసాద్ ప్రాణం కుదుటపడింది. తండ్రి పేరు ముట్టుకోకుండానే తండ్రికి న్యాయం జరిగింది. ఆ వారమంతా కడుపు నిండా తిన్నాడు.

ఆఖరి రోజున మిల్లు ఆపే కూత మోగుతుండగా, కంప్యూటర్ గది గుమ్మంలో అమ్మిరాజు కనిపించాడు. చేతిలో ఆర్డరు కాయితం. మడతలు పడి నలిగిపోయింది.

ప్రసాద్ గబుక్కున లేచాడు. “నరికించలేదా నాన్నా?”

“రత్నమాణిక్యం గారికి ఆర్డరు ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని వారమంతా ఆవిడ అరుగు మీదే కూర్చున్నాను. నువ్వు రావద్దన్నావని ఇక్కడికి రాలేదు. ఎందుకు రాలేదురా ఆవిడకి?”

ఇల్లు తాకట్టులో పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ గొడవ నీకెందుకని ప్రసాద్ విసుక్కున్నాడు. శ్రీరామమూర్తి ఆవిడ కోసం దొంగ లైనొకటి రాశాడని, దాన్ని తనే పీకేశానని, అందుకే నీ పేరు ముందుకొచ్చిందని గబగబా చెప్పాడు.

అమ్మిరాజు ఆర్డరు కాయితం కొడుకు బల్ల మీద పెట్టాడు. బయట కూత ఆగింది. మిల్లు చప్పుడు కూడా ఆగిపోయింది.

“ఆవిడ తోట నరికితేనే గాని మన తోటలోకి బండి దారి లేదురా, శ్రీరామమూర్తి గారి కాళ్ళావేళ్ళా పడి ఆ లైను రాయించుకున్నది నేనే.”