అసలు సరుకు

మనవరాలికి నాలుగేళ్లొచ్చినా మాట రాలేదు. రక్తంలో సీసం ఉందన్నారు. బొమ్మల రంగుల్లోంచే వస్తుందని తెలిసి, మా కోడలు బొమ్మల కొట్టు ముందు టెంటు వేసి కూర్చుంది. నేనూ వెళ్లి కొట్టువాణ్ణి చెడామడా తిట్టాను.

టెంటులో ఒకమ్మాయి తుపాకీలాంటి మిషను పట్టుకుని, జనం తెచ్చిన బొమ్మల్లో సీసం ఎంతుందో చూసి చెబుతోంది. నలభై ఏళ్లు చెక్కబొమ్మలు చేసి రంగులేసినవాణ్ణి నేను. పాప చేతిలోంచి గుర్రం తీసిచ్చాను.

"ఇదీ చూడమ్మా. మా పాపకి పళ్లొచ్చింది దీన్ని కొరికే. అసలు సరుకంటే ఏంటో వీళ్లకి తెలియాలి."

మిషను పెట్టి చూసి, ఆ పిల్ల తల దించుకుంది.

"తాతా, కొట్టు బొమ్మలకంటే ఇందులోనే పది రెట్లు ఎక్కువుంది."

"నీ మిషను తగలెయ్య! మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. గుర్రం నా చేతిలో పెట్టేసింది.

అవతల కోడలు మైకులో చెబుతోంది. "కొన్న బొమ్మలన్నీ బయట పారేశాను. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మామయ్య చేసిన గుర్రం ఒక్కటే."

జనం నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. గుర్రం కావాలని పాప రాగం అందుకుంది.

"ఇచ్చెయ్యండి మామయ్యా, ఎందుకేడిపిస్తారు!" అంది కోడలు, మైకులోనే.