తీతువు చూసిన ఊట

"ఊట ఎర్రబడింది, లేవండర్రా" అన్న తీతువు పిట్ట కేక కట్ట కింద వీధంతా వినబడింది.

"పొద్దున్నే దీని అపశకునం" అని ముంగిస తలుపేసుకుంది.

కట్ట వెనక చెరువు నీటికుక్క ఈతల సరదాకి కట్టుకున్నది. "కట్ట నాది, నీకెందుకే?" అంది నీటికుక్క.

"కట్ట నీదే మామా, కింద గుడ్లు నావి. కట్ట అడుగున నిన్నటిదాకా తేటనీరు ఊరేది. ఇవాళ మన్ను కలిసొస్తోందంటే కట్ట కడుపు కరుగుతున్నట్టే."

నీటికుక్క విసుక్కుంటూ దిగి ఊటలో కాలు పెట్టింది. అంటుకున్నది తన కట్ట ఎర్రమన్నే. వెంటనే వెళ్లి తూము ఎత్తేసింది. సాయంత్రానికి ముచ్చటైన చెరువు కాస్తా బురదగుంటయింది.

బురదలో మిగిలిన చేపలకీ పురుగులకీ అందరూ బంతి కూర్చున్నారు. తీతువు దూరంగా నిలబడింది. ముంగిస కాస్త జరిగి, "ఇలా వచ్చి కూర్చో వదినా" అంది.