లోపం లేని పంపు

ఆ మోటారు పంపుకి ఏ జబ్బూ లేదు. అయినా బట్టతలాయన దాన్ని భుజాన వేసుకుని మళ్లీ వచ్చాడు.

"నాన్నా! నీ తిరుగుటపా వచ్చింది!" కేకేశాడు కొడుకు.

"పంపు తెచ్చినవాణ్ణి పంపేస్తామట్రా? కూర్చోమను!" నవ్వుతూ లేచాడు రిపేరు షాపు నడిపే తండ్రి.

లేచినవాడు లేచినట్టే కూలిపోయాడు.

కొడుకు అంబులెన్సుకి ఫోన్ చేసి వచ్చేసరికి, బట్టతలాయన మోకాళ్ల మీద కూర్చుని తండ్రి రొమ్మును రెండు చేతులతో నొక్కుతున్నాడు.

లోపల ఏదో కటుక్కుమంది.

"ఎముక విరిచేశావు కదయ్యా! చెయ్యి తియ్యి!"

"గుండె ఆగింది బాబూ. అది పిండకపోతే మనం పిండాలి."

ఆ షాపులో తండ్రి నేర్పిన మొదటి పాఠం ఒకటే. బిగుసుకుపోయిన మోటారుతో కుస్తీ పట్టకు, వదిలేసి చల్లారనివ్వు.

కొడుకు ఆయన్ని కాలరు పట్టి బయటికి గెంటాడు. తండ్రి వైపు ఫ్యాను తిప్పాడు.

తండ్రి చల్లారిపోయాడు.

"గుండె పై గదులు ముడుచుకుని రక్తాన్ని కింది గదుల్లోకి తోస్తాయి," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "కింది గదులు ముడుచుకుని ఒంటికంతా పంపుతాయి. అది ఆగితే, మా చేతికొచ్చేదాకా పైనుంచి నొక్కుతూనే ఉండాలి. పక్కటెముక విరిగేంత గట్టిగా, ఎవరో సరిగ్గానే నొక్కారు. మరి ఎందుకాపారు?"

"చల్లారుతుందని," అన్నాడు కొడుకు.

ఏడుపు రాలేదు. షాపు మళ్లీ తెరిచిన రోజూ రాలేదు. 'పంపులు బాగుచేసి పంపబడును' అన్న బోర్డు దుమ్ము తుడిచాడు. మూలనున్న బట్టతలాయన పంపు విప్పాడు. వాల్వు కొత్తది. వాషర్లు కొత్తవి. మళ్లీ బిగించాడు.

తలెత్తితే గుమ్మం బయట ఆయనే.

"దీన్లో లోపం లేదండీ."

"తెలుసు బాబూ."

"మరెందుకు మోసుకొచ్చేవారు?"

"ఊరికే వస్తే, 'పనీపాటా లేదటయ్యా, చేసిన సాయానికి ఎన్నిసార్లు దణ్ణం పెడతావ్' అని మీ నాన్నగారు తిట్టేవారు."

"ఏం సాయం?"

ఆయన కుట్టు వేయించుకున్న కాలరు సర్దుకున్నాడు.

"పోయినేడు బస్సులో నా గుండె ఆగిపోతే, ఆసుపత్రి చేరేదాకా చెయ్యి తియ్యకుండా నొక్కింది ఆయనే."