పళ్ళు కొరికిన చక్రం

ఏసుపాదం దొరగారి సైకిలుని నెత్తిమీద మోసుకుంటూ కొలిమి దగ్గరకి వచ్చాడు. కింద పెట్టి నడిపిస్తే అది చేసే చప్పుడు ఊరంతా వింటుందని భయం.

కాలవ లాకుల మీద అధికారం చేసే దొరకి అతను బంగళా జవాను. దొర మొన్న సాయంత్రం పడవెక్కి రాజమండ్రి వెళ్ళాడు. రేపు పొద్దున తిరిగొస్తాడు. ఈలోగా సైకిలు తుడుద్దామని ఏసుపాదం కాస్త ముందుకి తోశాడు. వెనక చక్రం టకటకా పళ్ళు కొరికింది. అంతవరకూ నోరెత్తి ఎరగని చక్రం.

లాంతరు చిమ్నీ పగలగొట్టినందుకే పాత జవానుని దొర గేటు బయటికి పంపేశాడు. ఇది సైకిలు. ఉద్యోగం ఊడితే మొగల్తూరు వైపు ఆసామి దొడ్లో మళ్ళీ పాలేరుతనం చెయ్యాలి. ఏసుపాదం తాత వీపూ, తండ్రి వీపూ ఆ దొడ్లోనే వంగిపోయాయి. పాదిరిగారి కాళ్ళావేళ్ళా పడి అతనొక్కడూ బయటపడ్డాడు. ఇందాక పెళ్ళాం దీనమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "నన్ను మళ్ళీ ఆ దొడ్లోకి తీసుకెళ్ళకు మావా" అంది, అంతే.

కమ్మరి బుల్లబ్బాయి బండి చక్రాలకి ఇనప పట్టాలు వేయడంలో దిట్ట. ఆయన పట్టా వేసిన బండి ఎద్దుల్లేకుండానే పాలకొల్లు సంతకి వెళ్ళి ఉప్పు తెచ్చిందట. చూసినవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు. సైకిలుని ముట్టుకోవడం ఆయనకిదే మొదలు.

"ఏంట్రా దీని రోగం?"

ఏసుపాదం అటూ ఇటూ చూశాడు. చప్పుడొక్కటే కాదు, ఇంకో రోగం కూడా ఉందని చెవిలో చెప్పాడు. బుల్లబ్బాయి మొహం ముడుచుకుపోయింది.

గొలుసు పట్టుకునే పళ్ళబిళ్ళ లోపలే జబ్బుందని తేల్చాడాయన. దాన్ని ఊడదీయాలి. దేనితో?

ముందు పట్టకారు వేశాడు. జారింది. పెద్ద పట్టకారు వేశాడు. అదీ జారింది. బిళ్ళ మధ్యలో ఎదురెదురుగా రెండు గాట్లున్నాయి. ఒకదానిలో ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. బిళ్ళ కదల్లేదు గానీ గాటు అంచు చిట్లింది.

ఏసుపాదం చక్రానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఇక మానేద్దామని బతిమాలాడు.

"మానేస్తే ఈ దెబ్బ ఎవరు కొట్టారని చెబుతావు దొరకి?"

ఏసుపాదం చిట్లిన అంచుని వేలితో తడిమాడు.

"ఇంకోసారి చిట్లిందంటే మీ ఏసుప్రభువూ మా బ్రహ్మదేవుడూ కలిసొచ్చినా ఊడదు. కదలకుండా కూర్చో."

బుల్లబ్బాయి చుట్ట ఆరిపోయేదాకా ఆ గాట్లవంకే చూశాడు. ఒక గాటుని పట్టుకుంటే లాభం లేదు. రెండింటినీ ఒక్కసారే పట్టాలి. ఇనప బద్ద ఎర్రగా కాల్చి, మధ్యలో చిల్లి పొడిచి, అటూ ఇటూ రెండు పళ్ళు సాగదీశాడు. ఆకురాయితో అరగదీస్తూ, పెట్టి చూస్తూ, మళ్ళీ అరగదీశాడు. చివరికి అవి గాట్లలో ఒదిగి కూర్చున్నాయి. పైకి తన్నకుండా బద్ద మీద ఇరుసు నట్టు బిగించాడు. అప్పుడు తిప్పాడు. ఇంకా బిగిసింది.

ఏసుపాదం ప్రార్థన మొదలెట్టాడు.

"ఆగరా. తొక్కుతుంటే ఇది ఎటు తిరుగుద్ది?"

ఏసుపాదం చేత్తో చూపించాడు.

"అటు తిప్పితే బిగుసుకోక ఏం చేస్తది?"

ఈసారి వెనక్కి తిప్పాడు. బద్ద మూలిగింది. బిళ్ళ కదిలింది. నట్టు కాస్త వదులు చేస్తూ, తిప్పుతూ బయటికి లాగాడు.

విప్పి చూస్తే లోపల వెంట్రుకల్లాంటి స్ప్రింగుల మీద బుల్లి ఇనప నాలుకలు ఆడుతున్నాయి. వాగుతున్నది అవే. జాలరిపేట నుంచి వలకి కట్టే సీసపు గుళ్ళు తెప్పించి, కరిగించి, ఆ నాలుకలు మళ్ళీ మెదలకుండా పోశాడు. బిళ్ళ చల్లారాక బిగించాడు. చక్రం తిప్పితే చప్పుడు లేదు. చక్రంతోపాటే పెడళ్ళూ తిరిగాయి, రెండో రోగమూ కుదిరింది. ఏసుపాదం ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, దొర బంగళా ఏలే సూపర్నెంటువి, నాకు దణ్ణమేంట్రా అని ఎగతాళి చేశాడు.

ఆ పూట దీనమ్మ కడుపునిండా తింది.

పొద్దున్నే పడవ లాకుల దగ్గర ఆగింది. దొర వెనకాలే మరో దొర కూడా దిగాడు. ఏసుపాదం అద్దంలా తుడిచిన సైకిలు పట్టుకుని గట్టుమీద నిలబడ్డాడు. దొర అతని భుజం తట్టి, సైకిలెక్కాడు.

తొక్కడం ఆపి కాళ్ళు కదపకుండా కూర్చున్నా చక్రం తన మానాన తాను టకటకలాడుతూ దొర్లిపోయే కొత్త బిళ్ళని ఓడ మీద సీమ నుంచి తెప్పించాననీ, రాజమండ్రి పడవెక్కేముందు తన చేత్తోనే బిగించుకున్నాననీ చెప్పి, ఆ వింత చూపించడానికే దొర ఆ రెండో దొరని రాజమండ్రి నుంచి వెంటబెట్టుకొచ్చాడు.